నల్లగట్టు పేర్చిందెవరు

పెనుకొండ దగ్గర మా చేనికీ పెద్దరైతు చేనికీ మధ్య ఒక నల్లరాళ్ల గట్టు ఉంది. ఆ రాళ్లన్నీ మా తాత ఒక్కడే మోసి పేర్చాడని మా ఇంట్లో చెప్పేవారు. కాదు, మా తాతే దగ్గరుండి పేర్పించాడని పెద్దరైతు అనేవాడు. ఆ గట్టు మా చేను దాటి, వంక దాటి, కనుచూపు మేర పోతుంది. ఇద్దరు తాతలకూ వేరే పనేమీ లేనట్టుంది.

నేను హిందూపురంలో భూగర్భశాస్త్రం చదివి, ధర్మవరంలో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్నాను. లోకంలో ఎవరు తప్పు మాట్లాడినా దిద్దే బాధ్యత నాదేనని నమ్మకం. మొన్న రీసర్వేకి సర్వేయరు వచ్చినప్పుడు, "ఈ రాళ్లు మా నాయన మోసినేవి సార్," అని మా నాయన మొదలుపెట్టాడు. పెద్దరైతు నవ్వాడు. నేను ఊరుకుని ఉంటే బాగుండేది.

ఊరుకోలేదు. "వీటిని ఎవరూ మోయలేదు సార్," అన్నాను. భూమి లోపల కరిగిన రాయి చుట్టూ ఉన్న రాతికన్నా తేలిక గనుక పైకి తోసుకొస్తుందనీ, నేల మీద పారితే దాన్నే లావా అంటామనీ, ఇక్కడ మాత్రం అది అంత శ్రమ పడకుండా పగుళ్లలోనే గడ్డకట్టిందనీ చెప్పాను. పక్కనున్న రాయి కోట్ల ఏళ్లలో త్వరగా అరిగిపోతే ఇది గట్టులా మిగిలిందనీ, ఎండకూ వానకూ పగిలి పేర్చినట్టు కనిపిస్తోందనీ ముగించాను. చప్పట్లు మాత్రం ఎవరూ కొట్టలేదు.

"అయితే ఇద్దరు తాతలూ ఔట్," అంటూ సర్వేయరు పాత పటం చూసి హద్దు గీసుకున్నాడు. పెద్దరైతుకు పోయిందేమీ లేదు. వాళ్ల తాత గురించి చెప్పుకోవడానికి ఆయనకు ఇంకా చాలా ఉన్నాయి.

ఇంటిదారిలో నాయన నాకన్నా నాలుగడుగులు ముందే నడిచాడు. సర్దిచెబుదామని, "ఇందులో చిన్నబుచ్చుకునేదేముంది నాయనా, సైన్సు కదా," అన్నాను.

"సైన్సు నిజమేలే పాపా. ఆ రాళ్లు మీ తాత మోయలేదని నాకు చిన్నప్పుడే తెలుసు," అన్నాడు.

నేను ఆగిపోయాను.

"ఆయప్ప బతికినన్నాళ్లూ ఈ పెద్దరైతోళ్ల ఇంట్లోనే జీతముండె. ఆళ్ల మూటలు మోసీ మోసీ నడుము వంగిపాయ. ఎవురన్నా అడిగితే, మా చేనికి గట్టేసుకుంటా రాళ్లు మోసినాడు, అందుకే వంగిండాదని చెప్తాంటిమి."

నాకు తల కొట్టేసినట్టయింది. నాయన నా వైపు చూడకుండా అడిగాడు.

"ఇంగ ఏమని చెప్పాల?"