పిన్ని డిప్లొమాకు ముద్ర

నోటరీగా ఆమెకు వీధిలో మంచి పేరుంది. ఇంట్లోవాళ్లకు మాత్రం మొండిఘటం.

ఆ రోజు పిన్ని ఆఫీసుకొచ్చి, తన కుట్టుపని డిప్లొమా నకలు బల్ల మీద పరిచింది. ఇన్నేళ్లు బట్టలు కుట్టిన పిన్నికి కుట్టు నేర్పే బడిలో ఉద్యోగం వచ్చేలా ఉంది. వాళ్లు నోటరీ ముద్ర ఉన్న నకలు కావాలన్నారు.

"ఓ ముద్ర కొట్టెయ్యవే, పోతాను."

"అసలుది ఏది పిన్నీ?"

"నా కుట్టు దుకాణం గోడకుంది. పాలపళ్లు ఊడకముందు నుంచీ చూస్తున్నావుగా!"

"చూస్తే సరిపోదు. నకలు పక్కన అసలు కాగితం పెట్టి సరిచూడాలి. పైగా నువ్వు మా పిన్నివి. సొంతవాళ్ల కాగితాల మీద నేను ముద్ర వెయ్యకూడదు."

"ఊరందరికీ పనికొచ్చే ముద్ర నాకే పనికిరాలేదా?" పిన్ని మూతి ముడుచుకుంది.

ఆ మాట నోటరీకి చురుక్కుమంది. ఆఫీసుకు తాళం వేసి పిన్ని వెంట దుకాణానికి నడిచింది. ఇద్దరూ కలిసి గోడమీది ఫ్రేమును దించారు. చెరో కొసా పట్టుకుని వీధిలో వెళ్తుంటే మందుల షాపాయన పలకరించాడు.

"అద్దం కొన్నారా?"

"కాదు, నా చదువు!" అంది పిన్ని, అలక మరిచిపోయి.

వీధి చివర మేడ మీద ఇంకో నోటరీ ఉన్నాడు, పెద్దాయన. ఫ్రేము విప్పించి, కాగితం బయటికి తీసి, వేలు పెట్టి వరుస వరుసా చదివాడు.

"నకల్లో ఆఖరి వరుస లేదమ్మా. ఫ్రేములో ఉండగానే ఫోటో తీయించారా? చట్రం అంచు మింగేసింది."

నోటరీ వంగి చూసింది. ఆ వరుసలో 'ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణత' అని ఉంది.

"ఓరి నాయనో! ఫ్రేము కట్టించిందే దానికోసం కదా!" పిన్ని గుండె మీద చెయ్యేసుకుంది.

కింద జిరాక్సు షాపులో కొత్త నకలు తీయించుకొచ్చారు. పెద్దాయన మళ్లీ మొదటి నుంచీ సరిచూసి ముద్ర వేశాడు.

"నేను బాగా కుడతానని కూడా ఓ ముక్క రాయండి సార్."

"ఈ నకలు ఆ కాగితంలాగే ఉందని చెప్పడం వరకే నా పని. డిప్లొమా అసలైనదో కాదో కూడా చెప్పకూడదు. మీ కుట్టు సంగతి నాకేం తెలుసు?" అని ఆయన కాస్త తటపటాయించాడు. "అయితే ఈ చొక్కా కాలరు ఊడింది. చూస్తారా?"

ఆఖరి వరుస పోయిన తప్పు ఎవరిదని మెట్లు దిగేదాకా అత్తాకోడళ్లలా వాదులాడుకుని, కిందికొచ్చాక ఇద్దరూ పడిపడి నవ్వారు.

పిన్నికి ఉద్యోగం వచ్చింది. ఒక మధ్యాహ్నం నోటరీ బడికి వెళ్లేసరికి, గదినిండా ఉన్న ఆడా మగా అందరినీ పిన్ని అంచు వంకర పోయిందని దులిపేస్తోంది. గుమ్మంలో నోటరీకి నవ్వాగలేదు.

"నవ్వింది చాల్లే, ఇటొచ్చి సూదిలో దారం ఎక్కించు," అంది పిన్ని. "నాకు కళ్లు ఆనడం లేదు."