కుర్చీ వెయ్యని పిన్ని

తప్పు నాదే. ముందే ఒప్పేసుకుంటే మిగతాది ధైర్యంగా చెప్పొచ్చు. తాళాల బాబాయి బడ్డీ లేచిపోయే పరిస్థితి తెచ్చింది నేనూ, నా పెన్నూ.

మా పిన్ని అర్జీలు రాస్తుంది. మున్సిపల్ ఆఫీసు వరండాలో ఒక బల్ల, ఒకే ఒక్క కుర్చీ. ఆ కుర్చీ ఆవిడదే. రాయించుకోడానికి వచ్చినవాళ్లు నిలబడాల్సిందే. ఇరవై రెండేళ్లుగా ఇదే తంతు. పిసినారితనం అనుకుని ఒకసారి ఆ బల్లకి "ఇచ్చట నిలబడుట ఉచితం" అని కాయితం అంటించాను. రెండు రోజుల దాకా ఆవిడ చూడలేదు. చూశాక నా వీపు విమానం మోత మోగింది.

నేను రాయడం నా అంతట నేనే నేర్చుకున్నాను. అది నా రాతలో తెలుస్తూనే ఉంటుందని పిన్ని అంటుంది. పొగడ్తగా మాత్రం అనదు.

ఓ రోజు పిన్ని పంటి డాక్టరు దగ్గరికి వెళ్తూ బల్ల నాకు అప్పజెప్పింది. సరిగ్గా అప్పుడే తాళాల బాబాయి వచ్చాడు. మాకు చుట్టమేం కాదు. బస్టాండు గోడవారన మారుతాళాలు చేసే ఆయన్ని వీధి వీధంతా అలాగే పిలుస్తుంది. చేతిలో నోటీసు: బడ్డీ నడిచేవాళ్లకి అడ్డంగా ఉంది, వారంలో తీసెయ్యాలి.

నేను ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మూడు పేజీలు ఊదేశాను. "తాతల కాలం నుంచీ ఈ గోడనే నమ్ముకున్న కుటుంబం" అని మొదలెట్టి, బీరువా తాళంచెవి పోగొట్టుకుని ఏడ్చే పెళ్లికూతుర్ని కూడా దింపాను. చదివి వినిపిస్తే బాబాయే కళ్లు తుడుచుకున్నాడు.

ఆఫీసరు మాత్రం చదివి పొట్ట పట్టుకుని నవ్వాడట. నవ్వాక, "ఏ తాతయ్యా?" అని అడిగాడట. బాబాయి నోట్లో అబద్ధం నిలవదు. "మా తాత ఈ ఊరే చూళ్లేదండీ. నేనొచ్చిందే పదకొండేళ్ల కిందట" అనేశాడు. కాయితం తిరిగొచ్చింది. సరైన అర్జీకి మర్నాడు మధ్యాహ్నం దాకా గడువు. లేకపోతే బడ్డీ లేనట్టే.

పిన్ని వాచిన దవడతోనే మూడు పేజీలూ చదివింది.

"ఇందులో అడ్డం సంగతేదిరా?"

"అది చిన్న విషయం కదా పిన్నీ."

"నోటీసులో ఉన్నదే అదొక్కటీ, వెధవా!"

బాబాయిని బల్ల ముందు నిలబెట్టింది. పెన్ను మూత తియ్యలేదు.

"చెప్పు."

"అది కాదమ్మా, మా ఆవిడ మొదట్నుంచీ ఏమంటుందంటే..."

"అడ్డం మీ ఆవిడా, బడ్డీనా?"

పావుగంట నిలబడేసరికి ఆయనకి కాళ్లు లాగాయి. వాళ్లావిడ, బావమరిది, ఎదురు కొట్టువాడి కుళ్లు, అన్నీ ఒక్కొక్కటే రాలిపోయి అసలు ముక్క బయటపడింది.

"తలుపు బయటికి తెరుచుకుంటుందమ్మా. అదే సగం దారి తినేస్తుంది."

"లోపలికి తిప్పలేవా?"

"తాళాలవాణ్ణి, బందులు మార్చలేనా!"

ఆ సాయంత్రమే మార్చేశాడు. నేను టేపు పట్టుకున్నాను. దారి ఐదడుగులు ఖాళీ. అప్పుడు పిన్ని పెన్ను మూత తీసి ఏడు లైన్లు రాసింది. తలుపు అడ్డంగా ఉన్నమాట నిజం, లోపలికి తిప్పాను, ఇప్పుడు ఐదడుగుల దారి ఉంది, వచ్చి చూసుకోండి. కన్నీటి బొట్టు ఒక్కటంటే ఒక్కటి లేదు.

"కుర్చీ వేస్తే కథ చెప్తార్రా. నిలబెడితే పని చెప్తారు" అంది. "నేనూ మొదట్లో నీలాగే పేజీలు నింపేదాన్ని. తిరిగొచ్చిన ప్రతి కాయితం పైకి చదువుకునేదాన్ని. నాలుక ఎక్కడ సిగ్గుపడితే అక్కడ కొట్టేసేదాన్ని."

నా మూడు పేజీలూ పైకి చదివి చూశాను. నాలుక రెండో లైన్లోనే సిగ్గుపడింది. అప్పట్నుంచి నేనూ నిలబడే రాస్తున్నాను, పైకి చదివి కొట్టేస్తున్నాను. నా రాత బాగుపడింది, ఆ మాట నేనే చెప్తున్నాను. పెళ్లికూతుర్ని మాత్రం పారెయ్యలేదు. వేరే కథకి దాచాను.

గడువు రోజు మధ్యాహ్నం బాబాయి కాయితం ఊపుకుంటూ వచ్చాడు. రెండేళ్లకి అనుమతి! నేను ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు.

"ఎన్ని చెప్పు పిన్నీ, నాది చదివి ఆఫీసరు పడీ పడీ నవ్వాడు. నీది చదివి కనీసం పళ్లన్నా కనబడనిచ్చాడా?"

పిన్ని తల కూడా ఎత్తలేదు.

"నవ్వలేదురా. సంతకం పెట్టాడు."