బోణీకి పనికిరాని చెయ్యి

మునిగిపోయిన వ్యాపారికి డబ్బు పోతుందని అందరికీ తెలుసు. చెయ్యి కూడా పోతుందని ఉస్మాన్‌గంజ్ టోకు బజారులో మునిగినవాడికే తెలుస్తుంది. నాకు ఆ సంగతి తెలియజెప్పినవాడు పరాయివాడేమీ కాదు. ఇరవై ఏళ్లు నా చింతపండు దుకాణానికి ఆనుకుని వ్యాపారం చేసి, మా ఇంట్లో పండగ భోజనాలు తిన్న పక్క దుకాణం సేటు.

దుకాణం ఎలా పోయిందో ముందే చెప్పేస్తాను. మా నాన్న కాలం నుంచి సరుకు కొనేవాడొకడు మూడు లారీల చింతపండు మాట మీద ఎత్తుకుపోయి, తన కొట్టుకి తాళం వేసి మాయమయ్యాడు. కాగితం ఏదని ఠాణాలో అడిగారు. మా గంజ్‌లో పాత గిరాకీని కాగితం అడగడమంటే మొహం మీద ఉమ్మడమే. నేను అడగలేదు. నాకు అప్పిచ్చినవాళ్ల దగ్గర మాత్రం నా సంతకాలు దండిగా ఉన్నాయి. దుకాణం అమ్మాను, ఇల్లు అమ్మాను, అందరికీ కట్టేశాను. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. నేనెవరికీ ఎగ్గొట్టలేదు.

యాకుత్‌పురా స్టేషన్ దగ్గర రెండు అద్దె గదుల్లో చేరి, నాకు తెలిసిన ఒక్క పనే మొదలుపెట్టాను. పొద్దున్నే గంజ్‌లో చింతపండు, ఎండుమిర్చి కొని, స్కూటర్‌కి ముందొక బస్తా వెనకొక బస్తా పెట్టుకుని, తొమ్మిదిలోపు బహదూర్‌పురా హోటళ్లకు చేర్చాలి. తొమ్మిది దాటితే వంటవాళ్లు పక్క కొట్లో తెచ్చేసుకుంటారు.

మొదటి రోజు పక్క సేటు దగ్గరికే వెళ్లాను. అప్పుడే షట్టర్ ఎత్తి ఊదుబత్తి వెలిగించాడు. నేను నోట్లు చాపాను. ఆయన అందుకోలేదు.

"అన్నా, ఏమనుకోకు. ఇంక బోణీ కాలే. జర గా మెట్టు మీద కూసో, చాయ్ తెప్పిస్త."

రోజులో మొదటి అమ్మకం ఎవరి చేతుల మీద జరిగితే ఆ రోజు వాళ్ల అదృష్టంలాగే నడుస్తుందని మా నమ్మకం. అందుకని మునిగినవాడి చేత బోణీ చేయించుకోరు. నగదే ఇస్తున్నా సరే, వేరెవరో వచ్చి కొనేదాకా వాడు ఆగాలి. నేను ఆగాను. చాయ్ తాగాను. తొమ్మిదిన్నరకి సరుకు చేతికొచ్చింది. మర్నాడు ఇంకో దుకాణానికి వెళ్లాను. అక్కడా మెట్టే, అక్కడా చాయే. నెల తిరిగేసరికి రెండు హోటళ్లు పోయాయి. మూడో హోటల్ యజమాని గుమ్మంలోనే మండిపడ్డాడు.

"క్యా భాయ్, రోజ్ లేట్? చారు నీళ్లతోని చెయ్యాల్నా?"

ఆ హోటల్ కూడా పోతే గదుల అద్దె కట్టడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఇంతలో నన్ను ముంచినవాడు తిరిగొచ్చాడు. కాగితం లేక కేసు నిలవలేదు కదా, ఇంకో పేరుతో అదే గల్లీలో బోర్డు పెట్టాడు. ఒకరోజు పొద్దున నేను పక్క సేటు మెట్టు మీద చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చుని ఉండగానే వాడు కారు దిగి, నా మోకాళ్లు దాటుకుని లోపలికి వెళ్లాడు. సేటు లేచి నిలబడ్డాడు. వాడి చేతిలోని నోటు తీసుకుని రెండు కళ్లకూ అద్దుకున్నాడు. మూడు లారీలు మింగిన చెయ్యి శుభమట! పైసాతో సహా కట్టిన నా చెయ్యి అశుభమట! గ్లాసు అక్కడే పెట్టి, సరుకు కొనకుండా ఇంటికొచ్చేశాను.

ఇంట్లో గొంతు చించుకున్నాను. ఇదేం న్యాయం, వీళ్లు మనుషులేనా అని అరిచాను. నా భార్య బియ్యంలో రాళ్లు ఏరుతూ అంతా విన్నది.

"బెల్లం బాపును నువ్వు గట్లనే కూసుండబెడ్తివి గద?"

బెల్లం వ్యాపారంలో మునిగిన ఒక పెద్దాయన, రెండు కిలోల చింతపండు కొని, పుల్లగోలీలు చేసి బడి ముందు అమ్ముకోవడానికి ఏళ్ల తరబడి నా దుకాణానికి వచ్చేవాడు. బోణీ కాలేదు, కూసో బాపు, చాయ్ తాగు అనేవాణ్ని. చాయ్ పోశాను కాబట్టి మంచివాణ్ని అనుకునేవాణ్ని కూడా. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"ఇగ లొల్లి బంద్ చెయ్యి" అంది ఆమె. "పొద్దుగాల కదా బోణీ లొల్లి? మాపటీలి పోయి కొను. ముందరి గదిల పెట్టుకుందాం. మనం ఎనక గదిల పడుకుందాం."

అంత చిన్న ఉపాయం, కోపంలో నాకు తట్టనే లేదు. ఆ రోజు నుంచి సాయంత్రమే కొన్నాను. మర్నాడు పొద్దున ఎనిమిదికల్లా హోటళ్లకు సరుకు చేరింది. పోయిన రెండూ తిరిగొచ్చాయి, ఇంకో నాలుగు తోడయ్యాయి. గదిలో సరుకు ఉందని తెలిసి ఇరుగుపొరుగు ఆడవాళ్లు పావుకిలో, అరకిలో అడగసాగారు. మూడేళ్లకి ఆ గదికే షట్టర్ పెట్టించాను.

ఇప్పుడు కొందరు నాకు నీతులు చెబుతున్నారు. ఆ నష్టమే నీకు మేలు చేసిందయ్యా, ఆ మెట్టే నిన్ను నిలబెట్టింది అంటారు. ఒళ్లు మండుతుంది. మెట్టు నాకేమీ నేర్పలేదు, రెండు హోటళ్లు పోగొట్టింది. నన్ను నిలబెట్టింది నా భార్య.

దుకాణం తెరిచే రోజు పక్క సేటు పొద్దున్నే వచ్చాడు. కొబ్బరికాయ, కొత్త ఐదువందల నోటు పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు.

"నా చేతుల మీద బోణీ కావాలె అన్నా."

అప్పటికే నేను బోణీకని బెల్లం బాపును ఇంటికెళ్లి స్కూటర్ మీద తీసుకొచ్చాను. పావుకిలో చింతపండు కొంటానని ఆయనే అన్నాడు. పొట్లం కట్టి పిలిచాను. ఆయన రాలేదు. చూస్తే, సేటును చూసి పక్కకు తప్పుకుని, నా కొత్త మెట్టు మీద ఒక మూలకి ఒదిగి కూర్చుని ఉన్నాడు. యాభై రూపాయల నోటు గుప్పిట్లోనే ఉంది.

"ముందుగాల సేటును చెయ్యనియ్యి బిడ్డా. బోణీ అయినంక నేను తీసుకుంట. నాకు అలవాటే."

ఆ అలవాటు చేసింది నేనే. కిందికి దిగి, ఆయన గుప్పిట విప్పి, నోటు తీసుకుని కళ్లకద్దుకున్నాను. తర్వాత సేటు దగ్గర ఐదువందలూ తీసుకున్నాను. సేటుకి చాయ్ మాత్రం పోయలేదు.