సంగటిలో నిలబడిన కొవ్వొత్తి

పోలేరమ్మ పాల్‌ను పెళ్లాడింది గానీ పేరు మార్చుకోలేదు. మార్చుకోమన్న పాస్టరుతో "ఈ పేరు పెట్టి పిలిచే కదయ్యా ఆయన నా యెంట పడింది" అంది.

పాల్ పోయాక సూళ్లూరుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్‌లో వంటకు చేరింది. అక్కడ చైనా ఇంజనీరు లీ నాలుగో గదిలో దిగనన్నాడు. జర్మనీ ఇంజనీరు పదమూడో గదిలో అడుగు పెట్టనన్నాడు. ఇద్దరికీ ఆ అంకెల్లో చావు కనబడిందట. "సముద్రాలు దాటొచ్చినా భయం మూటలోనే ఉండాదే!" అని పోలేరమ్మ నవ్వుకుంది.

ఒకరోజు ముచ్చటపడి లీ అన్నం గిన్నెలో ఆయన తినే పుల్లలు రెండూ నిలువుగా గుచ్చి ముందు పెట్టింది. లీ దిగ్గున లేచిపోయాడు. అలా గుచ్చిపెట్టేది చచ్చినవాళ్లకట. తర్వాత శాంతించి, ఫోనులో ఫొటోలు చూపిస్తూ చెప్పాడు. వాళ్ల ఏడో నెలలో పోయినవాళ్లు ఆకలితో తిరిగొస్తారట. అన్నం పెడతారు, ఆ లోకంలో ఖర్చులకని కాగితపు నోట్లు కాలుస్తారు.

"మా పెద్దల అమావాసే కదయ్యా ఇది!" అంది పోలేరమ్మ.

నవంబరు మొదట్లో సమాధుల పండుగ వచ్చింది. పాల్ సమాధికి సున్నం కొట్టించి, బంతిపూలు పరిచి, గిన్నె మూత తీసింది. ఆకులో ఒక సంగటి ముద్ద, ఎండుచేపల పులుసు పెట్టింది. పాల్‌కు చిన్నాన్న కొడుకు, సంఘపెద్ద అయిన రవిచంద్ర వచ్చి నిలబడ్డాడు.

"వదినా, అది తియ్యి. కొవ్వొత్తి పెట్టి ప్రార్థన చేసుకో. సచ్చినోళ్లకు కూడు పెట్టేది మూఢనమ్మకం."

"కొవ్వొత్తి ఎందుకు రవీ? మీ అన్నకు దారి కనబడదనా?"

"అది... ఆచారం."

"వెలుతురు కావాల్సినోడికి ఆకలి కాదా? తెల్లదొర నేర్పితే ఆచారం, నేను పెడితే మూఢనమ్మకమా?"

పక్క సమాధి దగ్గర పూలు సర్దుతున్న పక్కింటి పిల్ల నిస్సీ కిసుక్కున నవ్వింది. రవిచంద్రకు రోషం వచ్చింది.

"నీ ఇష్టం. కానీ అన్న పక్కన నీకని ఉంచిన జాగా మర్సిపో. సంఘం మాట వినని వాళ్లకు ఈడ చోటు లేదు."

పోలేరమ్మ చేయి ఆగింది. పాల్ పోయినప్పటి నుంచీ ఆ ఖాళీ నేలలో కలుపు పీకి, చిమ్మి, తన ఇంటి వాకిలిలా చూసుకుంటోంది ఆమె.

సంచిలోంచి కొవ్వొత్తి తీసింది. రవిచంద్ర ఊపిరి పీల్చుకున్నాడు. ఆమె దాన్ని తిన్నగా సంగటి ముద్ద నడుమ గుచ్చి వెలిగించింది.

"ఇదో, మీదీ, మాదీ, లీదీ. అందరిదీ అయిపోయింది."

"వదినా!"

"జాగా ఇయ్యవా? అయితే ఇప్పుడే తీసుకుంటా." కొంగు నడుముకు దోపుకుని, ఆ ఖాళీ నేలలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. గిన్నెలో మిగిలిన సంగటి తుంచి పులుసులో ముంచింది.

"లేపు సూద్దాం. బతికుండంగా లేపలేనోడివి, సచ్చినాక ఏం లేపుతావు?"