తాడుకి నలభై మంది

నా చిన్నప్పుడు మా పల్లెలో కుర్రాళ్ళు ఎక్కువ. అదొక తప్పని ఎవరూ అనుకునేవారు కాదు. రాంబిల్లి దగ్గర సముద్రం ఒడ్డున మా ఇళ్ళు. మాది పెద్దవల లాగే ఊరు. వలని నావ మీద లోపలికి తీసుకెళ్ళి, చుట్టూ తిప్పి, రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకి తెచ్చేక, ఒక్కో తాడుకి నలభై మంది ఉంటే గాని అది కదలదు. అందుకే ఎవరింట మగపిల్లాడు పుట్టినా, తాడుకి ఇంకో మనిషి వచ్చేడని సంబరపడేవారు.

మొన్న టీవీలో కోటేసుకున్నాయన ఒకడు చెప్తున్నాడు, దేశంలో కుర్రకారు మరీ ఎక్కువైపోతే గొడవలొస్తాయి, తలలు పగుల్తాయి అని. దోమలెక్కువైతే జ్వరాలొస్తాయన్నట్టు చెప్పేడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మూడో తరగతితో ఆపేసినదాన్ని, ఆయనకి జవాబు చెప్పేంత చదువు నాకు లేదు. కానీ ఆ మాటలో సగమే నిజమని నా పదో యేట మా నాయనమ్మ చూపించింది.

దిబ్బ మీద నిలబడి చేపల గుంపు జాడ కనిపెట్టే పని ముందు మా తాతయ్యది. ఆయన పోయేక ఆ చూపు మా నాయనమ్మకే ఉందని పల్లెంతా ఒప్పుకుంది. నీళ్ళ రంగు మారడం, పక్షులు దిగడం చూసి ఆవిడ గుడ్డ ఊపితే, ఎవరు ఏ పనిలో ఉన్నా వదిలేసి పరిగెత్తాలి. ఉత్తినే మాత్రం గుడ్డ ఊపకూడదు. మాకది గంగమ్మ మీద ఒట్టులాంటిది.

ఆ యేడు సముద్రం ఏమీ ఇవ్వలేదు. వల ఆరేసిన చోటే ఎండిపోయింది. కుర్రాళ్ళంతా నావల నీడన పేకాట, చిన్నదానికీ పెద్దదానికీ కొట్లాట. మా చిన్నాన్న, అంటే నాయనమ్మ కడగొట్టు కొడుకు, అందరికన్నా ముందుండేవాడు. అప్పుడే ఎలక్షన్లు వచ్చేయి. టౌను నుంచి ఒక నాయకుడి మనిషి జీపులో రావడం మొదలెట్టేడు. బీడీకట్టలు తెచ్చేడు, పలావు పొట్లాలు తెచ్చేడు. మా చిన్నాన్న భుజం మీద చెయ్యేసి బావా అనేవాడు. అంతకుముందు టౌనులో మమ్మల్ని చూస్తే ముక్కు మూసుకునే బాపతు.

ఒక పొద్దున్న లారీ పంపేడు. పక్క మండలంలో అవతలివాళ్ళ మీటింగుంది, మీరు ఊరికే వచ్చి నిలబడితే చాలన్నాడు. కుర్రాళ్ళు పెళ్ళికెళ్తున్నట్టు ఎక్కేరు. నేను చక్రం మీదెక్కి లోపలికి తొంగి చూసేను. జెండాల మోపులున్నాయి. పరిగెత్తుకెళ్ళి మా నాయనమ్మతో అన్నాను, "నాయనమ్మా, జెండాలు అరసేయంతే ఉన్నాయి, కర్రలు నా సేయంత లావున్నాయి."

ఆవిడ ఎండుచేపల గంప దించి, నెత్తిన చుట్టకుదురుగా పెట్టుకున్న గుడ్డని విప్పుకుంటూ దిబ్బెక్కింది. నేను సముద్రం వైపు చూసేను. ఒక్క పక్షి లేదు. నీళ్ళు ఎక్కడా నలుపెక్కలేదు. ఆవిడ గుడ్డ ఊపింది.

లారీ క్షణంలో ఖాళీ అయిపోయింది. నావ తోసేరు, వల తిప్పేరు, రెండు తాళ్ళూ పట్టేరు. డ్రైవరు హారను కొట్టి కొట్టి, నాయకుడి మనిషి తిట్టి తిట్టి, చివరికి పై ఊరికి పోయేరు. ఇక్కడ ఎనభై మంది ఒక్క పాట మీద అడుగు వెనక్కేస్తుంటే ఇసక దద్దరిల్లింది. నిన్న కొట్టుకున్నవాళ్ళు ఇవాళ ఒకడి వెనక ఒకడు నిలబడి లాగుతున్నారు. ఇంకో పదిమంది ఉంటే బాగుణ్ణని నేను నాయనమ్మతో అన్నాను.

వల వచ్చింది. నాచు, నాలుగు పీతలు.

మా చిన్నాన్న ఒక పీతని కాలు పట్టుకుని ఎత్తేడు. "ఏటమ్మా, దీనికా ఎనభై మందిమి లాగేం? ముసిల్దానికి సూపు పోయిందని ఊరంతా నవ్వుద్ది."

"నవ్వనీ. నువ్వు ఇంటికొచ్చి అంబలి తాగు" అంది మా నాయనమ్మ.

సాయంత్రానికి కబురొచ్చింది. పై ఊరి కుర్రాళ్ళతో నిండిన ఆ లారీ మీటింగు మీద పడింది. రెండు వైపులా తలలు పగిలేయి. మా ఊరికి చెడుగుడు ఆడడానికి వచ్చే ఒక కుర్రాడు ఇంటికి తిరిగి రాలేదు. వాళ్ళమ్మ మా నాయనమ్మ పక్కనే గంప పెట్టుకుని చేపలమ్మేది. నెల తిరక్కుండా ఇద్దరు నాయకులూ ఒక పెళ్ళిలో ఒకే బంతిన కూర్చుని భోంచేసేరు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా పళ్ళు కొరుక్కుంటున్నాను.

కబురొచ్చిన ఆ రాత్రే పల్లె పెద్దలు కూర్చున్నారు. ఎవర్ని అడగడానికనుకున్నారు? మా నాయనమ్మని. దొంగ గుడ్డ ఊపింది కాబట్టి యేడాదిపాటు వలలో వాటా లేదు, ఇంకెప్పుడూ దిబ్బెక్కకూడదన్నారు. ఆవిడ తలొంచుకుని సరే అంది. నేను ఏడ్చి గోల చేసేను. కర్రలిచ్చినోడికి ఏ తప్పూ వెయ్యరేం అని.

నా జడ అల్లుతూ అప్పుడు చెప్పింది. "కుర్రోళ్ళు ఎక్కువైపోనారని పెద్దలంటన్నారే, పొద్దున్న తాడు కాడ ఎవులైనా ఎక్కువయ్యేరా? ఇంకో పదిమంది ఉంటే బాగుణ్ణని నువ్వే అన్నావు. తాడు సేతిలో లేనప్పుడే మడిసి ఎక్కువౌతాడు. అది సూసే కర్రలిచ్చేవోడు వత్తాడు."

పెళ్ళై అనకాపల్లి వచ్చి నలభై యేళ్ళు దాటింది. మొన్న ఎలక్షన్లకి మా వీధి నిండా బైకులు. మా మనవడు డిప్లొమా చేసి మూడేళ్ళుగా ఇంట్లోనే ఉన్నాడు. వాడి బండికి ఎవరో టాంకు నిండా పెట్రోలు కొట్టించేరు. ఎక్కడికిరా అంటే, ఊరికే ర్యాలీయే మామ్మా, నిలబడితే చాలన్నాడు. అక్షరం మారలేదు. బండికి కట్టిన కర్ర కూడా అంతే లావుంది.

నేను గుమ్మంలోకొచ్చేను. తెలీకుండానే నా చెయ్యి కొంగు పట్టుకుని పైకి లేచింది. అంతలోనే ఆగిపోయింది. ఆ రోజు మా నాయనమ్మ అబద్ధమాడినా, పిల్లల్ని పిలవడానికి ఆవిడ వెనక ఒక వలుంది. నేను కొంగు ఊపి వీణ్ణి ఏ తాడు దగ్గరికి రమ్మనాలి? టీవీలో ఆ కోటాయన్ని అడగాల్సింది ఇదే. బళ్ళు సందు తిరిగేదాకా కొంగు అలాగే పట్టుకుని నిలబడ్డాను.