ఊరెళ్లిపోతామన్న లెక్క

మా కరెంటు ఆఫీసులో ఇరవై ఏళ్ల తర్వాతి సంగతి చెప్పేవాళ్లకున్న మర్యాద, ఈ ఎండాకాలం సంగతి చెప్పేవాళ్లకు లేదు. ఖరగ్‌పూర్‌కు ముందు ముందు ఎంత కరెంటు కావాలో అంచనా వేయమని రెండు కంపెనీలకు అప్పజెప్పారు. చెరో లావుపాటి పుస్తకం తెచ్చి పడేశాయి. వాడకం విపరీతంగా పెరుగుతుందని ఒకటి, తగ్గుతుందని ఇంకొకటి. ఏది ఏ ఊహ మీద నిలబడిందో పక్కపక్కన పెట్టి చూపించమని పని నాకు అంటగట్టారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. అలాంటి రాతలంటేనే నాకు అసహ్యం.

కానీ ఈసారి నా అవసరం ఉంది. తాల్‌బగీచా పేటలో మా వీధికి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ రావాలంటే, వాడకం పెరుగుతుందన్న మొదటి అంచనా నెగ్గాలి. రైల్వే వర్క్‌షాపులో వెల్డింగ్ పొగ మింగి మింగి రిటైరైన మా ఆయనకు ఆక్సిజన్ మిషనే ఆధారం. సాయంత్రం వీధంతా ఏసీలు వేయగానే వోల్టేజీ పడిపోతుంది, మిషను కుయ్యిమని ఆగిపోతుంది. సిలిండర్ తగిలించేలోపు ఆయన పెదాలు నీలంగా మారిపోతాయి. ఆ పుస్తకాలు రాసినవాళ్లకేం తెలుసు నా నరకం!

మొదటి పుస్తకం ఇంటింటికీ ఏసీ, కరెంటు స్కూటరు వస్తాయనుకుంది. రెండోది మా పేట లెక్కనంతా ఒక్క వాక్యం మీద కట్టింది. రిటైరైన తెలుగు కుటుంబాలు సొంతూళ్లకు వెళ్లిపోతాయి, ఇళ్లు ఖాళీ అవుతాయి అట! నాకు ఒళ్లు మండిపోయింది. మూడు తరాలుగా ఇక్కడే పుట్టి, ఇక్కడే బూడిదవుతున్నాం.

మా ఆఫీసు పెద్ద సాహెబు గదిలోకి వెళ్లి, ఎవరు సార్ వెళ్లింది, ఒక్క కుటుంబాన్ని చూపించండని అరిచాను.

"దీదీ, ఇంటింటికీ తిరిగి అడిగారు. మీవాళ్లే చెప్పారు" అని నవ్వాడు ఆ బెంగాలీ మహానుభావుడు. అబద్ధమని తలుపు విసిరికొట్టి వచ్చేశాను.

ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా, ఆ కంపెనీవాళ్ల ఏడు తరాలనూ తిట్టాను. "వాళ్ల నోళ్లు పడిపోను! ఎవరు సెప్పినారటండీ, ఎల్లిపోతామని?"

మా ఆయన టీ గ్లాసు కింద పెట్టారు. "నేనే సెప్పినానే. ఎవరో వచ్చి, దాదా, ఇక్కడే ఉంటారా అనడిగినారు. రేపో మాపో మా ఊరెల్లిపోతాం అన్నాను. వీదిలో అందరూ అదే అన్నారు."

"ఏ ఊరండీ? శ్రీకాకుళం జిల్లాలో మనకి మొండిగోడైనా ఉందా? మీ పీక మీరే కోసుకున్నారు కదండీ!"

"మా తాతా అలాగే అనీవోడు, మా నాన్నా అలాగే అనీవోడు."

"మరెల్లినారా?"

"నేదు." కాసేపు ఆయాసపడ్డారు. "ఇంకెక్కడికీ ఎల్లను, ఇక్కడే సస్తాను అని ముక్కూమొహం తెలీనోడితో ఎలా అంటానే? ఆ మాట మనింట్లోనే ఎప్పుడూ అనుకోనేదు."

మర్నాడు వీధిలో గడపగడపా ఎక్కాను. ఎక్కడికీ వెళ్లమని ఒక్క మాట చెప్పండర్రా అని బతిమాలాను.

"సుబమా అని అదేటి మాటమ్మా! ఎప్పుడో ఒకప్పుడు ఎల్లిపోమా ఏటి?" అని నన్నే కసురుకున్నారు. ఒక్కరంటే ఒక్కరు ఒప్పుకోలేదు. ఈ జనం మీద నాకు పుట్టిన కోపం ఆ కంపెనీవాళ్ల మీద కూడా పుట్టలేదు.

ఆ ఊహ తప్పని నా కాగితంలో రాశాను. ఆధారమేదని సాహెబు గద్దించాడు. మా ఆయన చచ్చేదాకా ఈ వీధిలోనే ఉంటారని, ఆయన బతికుండగానే, నా చేత్తో నేను రాసిచ్చాను.

"ఒక్క ఇల్లేనా, దీదీ?" అని అతను రెండో పుస్తకాన్నే పై ఆఫీసుకు పంపేశాడు.