జీవమణి ఇవ్వని గొంతు

"కుర్చీలు, ఏసీలు, ప్రొజెక్టర్లు అన్నీ కలిపి అమ్మినా ఈ కంపెనీకి ఏమొస్తుంది వదినా? వాళ్లు కొనేది అన్నయ్య పాఠాల్ని. అర్థం చేసుకోరేంటి?"

"పాఠాలు తీస్కపోండ్రి. వద్దన్ననా? గొంతు ఇయ్యనంటున్న."

"గొంతు లేకుండా పాఠాలేంటండీ!"

"పోయిన మనిషితోని ఇంకెన్ని బ్యాచులు చెప్పిస్తరు మీరు?"

అమీర్‌పేటలో మూడో అంతస్తు. ఆ క్యాబిన్‌కీ నేను కూర్చునే గదికీ మధ్య ఒక ప్లైవుడ్ చెక్క. చెవులు మూసుకున్నా వినబడుతుంది. నేను మూసుకోలేదు. అరుస్తున్నది రఘురామ్ సార్, ఈ కోచింగ్ సెంటర్ ఓనరు. గొంతు పెంచకుండా జవాబు చెబుతున్నది జీవమణమ్మ, రెండేళ్ల కిందట గుండె ఆగి పోయిన దయానందం సార్ భార్య. నేను ఇంజనీరింగ్ మూడో ఏడులో మానేసి, ఆ సార్ వీడియోలు కోసి అతికించే పనిలో చేరినవాణ్ని.

దయానందం సార్ ఇక్కడ పద్నాలుగేళ్లు డేటాబేస్ చెప్పారు. బ్యాచ్‌కింత వాటా, అంతే. కాగితం లేదు, సంతకం లేదు. రఘురామ్ సార్ రోజూ ఆయన టిఫిన్ డబ్బాలోంచే తినేవాడు. ఇంటిమనిషిని కాగితం అడుగుతామా? ఈ వీధిలో అందరిదీ అదే పద్ధతి. తీరా కంపెనీని అమ్మబోతే, విలువ కట్టడానికి వచ్చినాయన కుర్చీల వైపు చూడనైనా చూడలేదు. "పాఠాల మీద హక్కు ఎవరిది? రాసిచ్చిన పత్రం చూపించండి" అన్నాడు. పత్రం ఎక్కడిది? హక్కు సార్‌ది. సార్ పోయాక ఆమెది.

అసలు ఆమెకు అంతకు ముందు నుంచే హక్కుంది. కింద ప్రతి జిరాక్స్ షాపులో దొరికే 'దయానందం సార్ నోట్స్' ఆమె చేతిరాత. సార్ రాత సార్‌కే అర్థమయ్యేది కాదు. పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లు నర్సుగా కేస్ షీట్లు రాసిన చెయ్యి ఆమెది. డ్యూటీ దిగి మధురానగర్‌లో ఇంటికి చేరాక సార్ చెబుతుంటే రాసేది. పెట్టెలు, బాణాలు స్కేలుతో గీసేది. ఆ నోట్స్ చదివి ఉద్యోగం తెచ్చుకున్నవాళ్లు వేలమంది. ఆమె పేరు ఒక్క పేజీలోనూ లేదు.

"ఎందుకు వేసుకోలేదమ్మా?" అని ఒకసారి అడిగాను.

"కేస్ షీటు మీద నర్సు పేరు చూసి ఎవలన్న రోగం తగ్గించుకుంటరారా?" అని నవ్వింది.

పోయిన నెల రఘురామ్ సార్ కాగితం కోసం ఆగలేదు. నేను కోసి సిద్ధం చేసిన వీడియోలన్నీ గొంతు నేర్చుకునే ఏఐకి ఇచ్చేశాడు. సార్ పోయాక వచ్చిన డేటాబేస్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ మీద ఆయన గొంతుతోనే పాఠం తయారైంది. నలభై మంది పిల్లలు తల వంచుకుని రాసుకుంటున్నారు. స్పీకర్‌లోంచి అదే గొంతు, అదే మాట: "సమజైందా?"

ఆ పాఠం ఆయనకు తెలియదు. తెలిసే వీలే లేదు.

విలువ కట్టినాయనను కలవడానికి ఆ రోజే వచ్చిన జీవమణమ్మ మెట్ల మీదే ఆగిపోయింది. రెయిలింగ్ పట్టుకుని కాసేపు విన్నది.

"అడుగుతుండు గాని ఆగుతలేడు" అంది.

నిజమే. సార్ 'సమజైందా' అని అడిగి, వెనక బెంచీ దాకా చూసి, ఎవరో ఒకరు తలూపేదాకా ఆగేవారు. ఆ ఖాళీలన్నీ కోసేసింది నేను. ఖాళీ ఉంటే పిల్లలు పారిపోతారని రఘురామ్ సార్ చెప్పాడు, కోశాను. మెషీన్ నేర్చుకున్నది సార్‌ని కాదు, నేను కత్తిరించిన సార్‌ని. అప్పటి నుంచి ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో పళ్లు తోముకుంటున్నా వినిపిస్తోంది. సమజైందా, సమజైందా. ఆగడు.

క్యాబిన్ తలుపు తెరుచుకుంది. జీవమణమ్మ చేతిలో పత్రం. నోట్స్, పాఠాలు అన్నచోట సంతకం పెట్టింది. గొంతుతో కొత్త పాఠాలు తయారు చేసుకోవచ్చన్న వాక్యం మీద స్కేలు పెట్టినంత తిన్నగా గీత కొట్టింది.

"కంపెనీ విలువ సగానికి పడిపోతుంది వదినా" అన్నాడు వెనకాలే వచ్చిన రఘురామ్ సార్. ఈసారి అరవలేదు.

"రాత నాది, ఇచ్చిన. గొంతు నాది గాదు. ఎట్లిస్త?"

ఆయన నా వైపు తిరిగాడు. "రోషన్, ఆ మెషీన్ పాఠం తీసెయ్" అని చెప్పి లోపలికి వెళ్లిపోయాడు.

ఆమె నా పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"నువ్వు కోసినయి పారేసినవా బిడ్డా?"

"లేదమ్మా. హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి."

"లాక్‌డౌన్ల ఇంట్ల రికార్డు చేసినప్పుడు, మధ్యల నీళ్లడిగిండు. 'మణీ, జర నీళ్లు' అని."

గుర్తుంది. పదిహేడో పాఠం. నేనే కోశాను.

"చప్పుడు రావొద్దని ఫ్యాను సుత బంద్ పెట్టేటోడు. రికార్డయితదని నేను పలకలే. చెప్పులిడిసి పోయి, గ్లాసు పెట్టి ఒచ్చిన." ఆమె నా హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్లో పెట్టుకుంది. "గా ముక్క ఒక్కసారి పెట్టు బిడ్డా. పిలిచినంక జర ఆపు. పలుకుత."